నీరటి లింగస్వామి సాక్ష్యం

లింగస్వామి తన పాపాన్ని ఎన్నిసార్లు ఒప్పుకున్నాడో ఆయనకే గుర్తు లేదు. ఇబ్రహీంపట్నంలో, యాచారం పోయే రోడ్డు పక్కన రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థనా మందిరం ఉంది. ప్రతి రెండు మూడు నెలలకోసారి అక్కడ లేచి చెబుతాడు; వాళ్ళు దాన్ని సాక్ష్యం అంటారు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ప్రార్థన కూటాలు పెడితే పిలిపించి చెప్పించారు. బడంగ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లారులో ఉపవాస ప్రార్థన జరుగుతుంటే అక్కడ చెప్పాడు, ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారట. బాప్తిస్మం తీసుకుని పదిహేనేళ్ళు. పదిహేనేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు.

నేను విన్నది వాన వల్ల. మొన్న సెప్టెంబరులో ఒక ఆదివారం యాచారం బస్సు కోసం నిలబడి ఉంటే జోరున కురిసింది. తలదాచుకోవడానికి దగ్గరలో ఉన్నది ఆ రేకుల కప్పు. చెప్పులు విడిచి వెనక చాప మీద కూర్చున్నాను. డెబ్బై దాటాక ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చోవడంలో సిగ్గు పోతుంది. ముందు వరసలో నుంచి ఒక పొడుగాటి మనిషి లేచాడు. అరవై దాటి ఉంటాయి. తెల్ల లాల్చీ, మెడ కింద ఎముకలు తేలిన ఛాతీ. రేకుల మీద వాన మోతకు గొంతు పెంచి మొదలుపెట్టాడు.

"అయ్యలారా, అమ్మలారా, నేను నీరటోన్ని. మా తాత నీరటోడు, మా నాయిన నీరటోడు. చెరువు తాళం మా ఇంట్ల ఉన్నట్టు లెక్క."

నీరటి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. ఊరి చెరువుకు తూము ఉంటుంది. తూముకు అడ్డంగా కట్టె బిగించి ఉంటుంది. నీళ్ళలో మునిగి ఆ కట్టె తియ్యాలన్నా, మళ్ళీ బిగించాలన్నా నీరటి పని. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు, ఎంతసేపు, అన్నీ అతని చేతిలో. పొలం గట్టు మీద పెద్ద రైతు కూడా అతన్ని బతిమాలవలసిందే. కానీ ఊళ్ళోకి వస్తే ఆ నీరటి అదే రైతు ఇంటి గడప దాటకూడదు. నీళ్ళు ముట్టుకుని అందరికీ పంచేవాడి చేతి నీళ్ళు మాత్రం ఎవరూ తాగరు. ఈ దేశంలో నేను నడిచిన దారుల్లో ఇలాంటి తమాషాలు చాలా చూశాను. ఏదీ నవ్వు తెప్పించలేదు.

లింగస్వామి చెప్పింది ఇది. ఇరవై మూడేళ్ళ కిందట యాసంగి, అంటే ఎండాకాలపు పంట. చెరువులో నీళ్ళు అడుగంటాయి. వరి పొట్టకొచ్చింది. ఇంకా రెండు తడులు ఇస్తే గట్టెక్కుతుంది. ఊరి పెద్దలు కూర్చుని, వారానికి ఒక పూట మాత్రమే తూము తియ్యాలని కట్టడి చేశారు. ఒక రోజు పొద్దున లింగస్వామి కట్టె తీశాడు. మధ్యాహ్నానికి బిగించాలి. ఈలోపు కల్లు తాగాడు. కాలువ గట్టున పడి నిద్రపోయాడు. లేచేసరికి పొద్దు వాలింది. నీళ్ళు కాలువ తెంచుకుని బీడు నేలల్లోకి పోయాయి. చెరువులో మోకాలి లోతు మిగిలింది. చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి.

"ఊరోళ్ళు ఉరికొచ్చిండ్రు. ఎవడు రా తూము గుంజింది అన్నరు. నా నాలిక ఎండుకపోయింది. అప్పుడే ఆడ ఒక అమాయకుడు సైకిల్ మీద గంప పెట్టుకొని చేపలు ఏరుకుంటున్నడు. నేను దేవుని ముందు, మీ ముందు దాయను. నేనేమన్ననంటె, కట్టె బిగించి బువ్వకు పోయిన, వచ్చేటాళ్ళకు ఈనె ఉన్నడు, అన్న. గంతే అన్న! గా ఒక్క మాటకు ఆయన దొంగ అయిండు. పంచాయతి పెట్టిండ్రు. ఊరు ఇడిచిపెట్టి పోయిండు. యూదా ప్రభువును ముప్పై నాణేలకు అమ్ముకున్నడు, నేను ఒక్క నిద్రకు అమ్ముకున్న!"

"అయ్యో ప్రభువా" అన్నారు ఆడవాళ్ళు. లింగస్వామి ఒక్క క్షణం ఆగాడు. ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు. తరవాత కన్నీళ్ళు వచ్చాయి. అవి నిజమైనవే. ఒకే చోట ఆగి, ఒకే చోట ఏడ్చే మనుషుల కన్నీళ్ళు కూడా నిజమైనవే కావచ్చునని, పాత హరికథలు విన్నవాడిగా నేను నమ్ముతాను. దేవుడు తన పాపాన్ని కడిగి మంచు కన్నా తెల్లగా చేశాడని ముగించి కూర్చున్నాడు. చప్పట్లు, స్తోత్రాలు.

వాన తగ్గలేదు. ప్రార్థన అయ్యాక అందరికీ భోజనం పెట్టారు. పప్పు, వంకాయ కూర. లింగస్వామి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆయన భార్య నర్సింహమ్మ వడ్డిస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "చాలా బాగా చెప్పారు. మరి ఆయనేమన్నాడు?" అన్నాను.

"ఎవరు సార్?"

"ఆ సైకిల్ మనిషి. మీరు చెప్పినప్పుడు ఏమన్నాడు?"

లింగస్వామి పప్పులో అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నాడు. జవాబు నర్సింహమ్మ నుంచి వచ్చింది, గంటె చేతిలో అలాగే పట్టుకుని.

"అడుగుర్రి సార్, మంచిగ అడుగుర్రి. నేను అడిగి అడిగి నోరు నొప్పి పెట్టింది. జిల్లా మొత్తం చెప్పిండు, చెప్పాల్సినోనికి చెప్పలె. ఆయన ఉన్నది ఏడనో కాదు, ఇదే పట్నంల, పెద్ద చెరువు కట్ట కింద. నడిచి పోతె ఇరవై నిమిషాలు."

"నువ్వు జర ఊకో."

"ఊకున్న. పదిహేనేండ్లు ఊకున్న. వంకాయ ఏస్కో."

పాస్టరు వినోద్ కుమార్ అప్పుడే అటు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, వారమంతా ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి ఆదివారం వాక్యం చెబుతాడు. విషయం విని ఆయన ముఖం మారింది. "అన్నా, నువ్వు ఆయన దగ్గరికి పొయ్యి అన్నీ సరి చేసుకున్నవని అనుకున్న నేను. గట్ల కాదా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే కానీ ఆయనా ఎప్పుడూ అడగలేదు. సంఘంలో ఎవరూ అడగలేదు. సాక్ష్యం అంత బాగుంటే తరవాతి ప్రశ్న ఎవరికీ తోచదు.

"దేవునికి చెప్పిన గద అయ్యగారూ," అన్నాడు లింగస్వామి.

దేవుడికి చెప్పడం తేలిక అని నేననను. చాలా మందికి అదీ చేత కాదు. క్రైస్తవులు దీన్ని మారుమనస్సు అంటారు. పశ్చాత్తాపం అనే మాటలో వెనక్కి చూసి కాలిపోవడం ఉంది. మారుమనస్సు అన్నప్పుడు తిరిగి నడవడం ఉంది. గోవాలో నల్ల చెక్క గదుల్లో మోకాళ్ళ మీద కూర్చుని జాలీ వెనక ఉన్న ఫాదరీ చెవిలో పాపాలు చెప్పుకోవడం చూశాను. లడఖ్‌లో భిక్షువులు పున్నమికి ఒకరి ముందు ఒకరు తప్పులు చెప్పుకుంటారని విన్నాను. అన్ని చోట్లా వినేవాడు ఎవడో ఒకడు ఉంటాడు. దెబ్బ తిన్నవాడు మాత్రం ఆ గదిలో ఉండడు. ఎందుకో ఎప్పుడూ అర్థం కాలేదు. వాన తగ్గింది, నా బస్సు వచ్చింది, నేను వెళ్ళిపోయాను.

కానీ ఆ మనిషి కలిపిన అన్నం నన్ను వదల్లేదు. అక్టోబరు మొదటి ఆదివారం మళ్ళీ వచ్చాను. నెలకోసారి ఆ రోజు వాళ్ళు ప్రభువు బల్ల తీసుకుంటారు. రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె చేతులు మారుతూ వరసల్లో తిరుగుతాయి. ముందుగా పాస్టరు ఒక హెచ్చరిక చేస్తాడు. ఎవరితోనైనా లోపల కల్మషం ఉన్నవాళ్ళు ముట్టుకోవద్దు, ముందు వెళ్ళి సరి చేసుకుని రండి, అని. ఎప్పుడూ చేసే హెచ్చరికే. ఎప్పుడూ ఎవరూ ఆగరు.

పళ్ళెం లింగస్వామి దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ముక్క తీసుకోకుండా పక్కవాడికి ఇచ్చేశాడు.

వెనక వరసలో గుసగుస. బయటికి వచ్చేసరికి గుసగుస మాట అయింది. "మల్ల తాగుడు మొదలుపెట్టిండంట." "అయ్యో, గింత మంచి సాక్ష్యం చెప్పేటోడు." లింగస్వామి విన్నాడు. చెప్పులు వేసుకుంటూ నన్ను చూశాడు. ఆ చూపులో కోపమేమీ లేదు, అలసట ఉంది.

"మీరు అడగకపోతె బాగుండు సార్. పదిహేనేండ్లు తిన్న. ఇప్పుడు గొంతుల దిగుతలేదు. ఆయన మాఫ్ చేస్తె తింట, లేకపోతె ఇగ ముట్ట," అన్నాడు. తరవాత, "వస్తరా నాతోని? ఒక్కన్ని పోవాల్నంటె కాళ్ళు వస్తలేవు," అన్నాడు.

*

ఆ సైకిల్ మనిషి పేరు అబ్బాస్. ఇల్లు రెండు గదులు. ముందు ఆటో నిలిపి ఉంది. దాన్ని తుడుస్తున్న కొడుకు జావేద్‌ది అది. యాచారం, ఇబ్రహీంపట్నం మధ్య నడుపుతాడు. గుమ్మంలో నులక మంచం మీద అబ్బాస్ ఎడమ కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. మడమకు కట్టు. షుగరు పుండు. పక్కన భార్య మున్నీ బీ మెంతికూర తుంచుతోంది.

అబ్బాస్ తల ఎత్తి ఒక్క చూపులోనే గుర్తు పట్టాడు. "ఏంది నీరటీ, ఇటు నీళ్ళు రాలేదే," అన్నాడు.

లింగస్వామి నిలబడే మొదలుపెట్టాడు. నాకు భయం వేసింది, ఎందుకంటే అవే మాటలు వచ్చాయి. "అబ్బాస్ భాయ్, నేను దేవుని ముందు దాయను..." అని. యూదా ముప్పై నాణేల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఉన్న ముఖాన్ని చూసి ఆగిపోయాడు. ఎప్పుడూ ఆగే చోటు కాదది. తరవాత ఏం చెప్పాలో తెలియక, "నేను పండుకున్న. నువ్వు గుంజలె. నేనే మూయలె," అన్నాడు. అంతే అయింది సాక్ష్యం. నలభై నిమిషాలది నాలుగు మాటలు.

మున్నీ బీ చేతిలో మెంతికూర అలాగే ఉండిపోయింది. అబ్బాస్ కాలి కట్టును చూసుకున్నాడు.

"పండుకున్నవా," అన్నాడు చివరికి. "నేను ఇన్నేండ్లు ఏమనుకున్ననో ఎర్కనా? ఎవరో నిన్ను చెప్పమని ఎగేసిండ్రనుకున్న. నా మీద ఎవరికి గంత కోపం ఉండెనని ఒక్కొక్కని మొకం యాదికి తెచ్చుకున్న. ఎవ్వరు లేకుండెనా? ఉత్త నిద్రనా?"

"ఉత్త నిద్రే భాయ్."

"థూ." ఉమ్మేసింది నేల మీదే కానీ లింగస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భాయ్, నన్ను మాఫ్ చెయ్యి. నువ్వు ఒక్క మాటంటె చాలు."

మున్నీ బీ అందుకుంది. "నీ దేవుడు చేసిండు గద మాఫీ? గుడిల చప్పట్లు కొడ్తున్నరంట గద? మాకు తెల్వదనుకున్నవా? మా జావేద్ ఆటోల నీ సంగపోళ్ళే ఎక్కుతరు. లింగన్న సాక్ష్యం మస్తుంటదని వాళ్ళే చెప్పిండ్రు. మా కతే చెప్పి, మా పేరు చెప్పకుంట, పేరు తెచ్చుకున్నవ్."

"వదినా..."

"వదిన అనకు. అల్లా తనకు చేసిన పాపం మాఫ్ చేస్తడు. మనిషికి చేసింది మనిషే చెయ్యాలె. మా కాడ గట్లనే చెప్తరు. మీ కాడ ఏం చెప్తరో నాకెర్క లేదు."

లింగస్వామి వాళ్ళ దగ్గరా అలాగే చెబుతారు. ఆ ఆదివారం పొద్దున్నే పాస్టరు చెప్పింది అదే.

అబ్బాస్ చెయ్యెత్తి భార్యను ఆపాడు. "నన్ను దొంగన్నది ఏడ?"

"ఊర్ల. పంచాయతి కాడ."

"మరి ఈడికొచ్చి నా చెవుల చెప్తె ఏమైతది? నేను గుంజలేదని నాకెర్క లేదా? చర్చిల చెప్పినవ్, ఈడ చెప్తున్నవ్. ఊర్ల చెప్పు. రామచంద్రయ్య ఉన్నడు గద ఇంకా, నా సైకిలు గుంజుకోమన్నాయిన? ఆయన ముందట చెప్పు. ఆ ఊర్ల ఇప్పటికీ నా పేరు మీదనే యేడు చెప్తరు. 'మా బిడ్డ, అబ్బాస్ తూము గుంజిన యేడు పుట్టింది' అంటరు. మొన్న వీడు కట్ట మీద చేపల దుకాణం పెడ్తనంటె మీ ఊరాయిన ఏమన్నడో అడుగు."

ఆటో తుడుస్తున్న జావేద్ తలెత్తకుండానే చెప్పాడు. "తండ్రి తూము గుంజిండు, కొడుకు చెరువే గుంజుతడా, అన్నడు. అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన, ఏం జెయ్యాలె."

"వీన్ని తీస్కపో," అన్నాడు అబ్బాస్. "వీడు ఇంటడు. నా కాలు నడవదు. నడిచినా ఆ ఊరికి నేను రాను."

*

ఆ ఊరి పేరు రాయవద్దని లింగస్వామి అడిగాడు, రాయను. యాచారం దారిలో లోపలికి ఉంటుంది. చెరువు కింది మళ్ళు ఇప్పుడు ఎవరివీ కావు. ఫార్మా సిటీ కోసమని తీసుకున్న భూముల్లో పోయాయి. చుట్టూ కంచె. కంచె లోపల వరి ఉండవలసిన చోట తుమ్మ మొలిచింది. ఏ పంట ఎండిందని ఆ మనిషిని దొంగ అన్నారో ఆ పంట పండే నేలే లేదు. ఆటోలో పోతూ లింగస్వామి కంచెనే చూస్తున్నాడు. "ఇగ దేని గురించి చెప్పాలె సార్ నేను? తూము కూడ పూడింది," అన్నాడు. జావేద్ అద్దంలో చూసి, "మా అబ్బ పేరు పూడలె గద," అన్నాడు.

గ్రామ పంచాయతీ ముందు అరుగు మీద అయిదారుగురు ఉన్నారు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో రామచంద్రయ్య, ఎనభై పైబడిన మనిషి. ఒకప్పుడు ఊరి తగవులు ఆయనే తీర్చేవాడు. పక్కన ఎల్లేశ్, యాభై ఏళ్ళవాడు, ఫోను చూసుకుంటున్నాడు.

"ఓ పాస్టరొచ్చిండు," అన్నాడు ఎల్లేశ్. "ఏం లింగన్న, మమ్మల్ని గిట్ల బాప్తిస్మానికి ముంచుదమని వచ్చినవా? చెర్ల నీళ్ళు లెవ్వు మరి."

ఎవరో నవ్వారు. లింగస్వామి అరుగు కిందనే నిలబడ్డాడు. ఎక్కి కూర్చోమని ఎవరూ అనలేదు, ఆయనా ఎక్కలేదు. ఈసారి యూదా లేడు, మంచు లేదు. "పటేలా, ఆ యేడు తూము గుంజింది అబ్బాస్ కాదు. నేనే ఇప్పి, మూయకుంట తాగి పండుకున్న. మీరు అడిగితె భయపడి ఆయన మీద పెట్టిన," అన్నాడు. ఆ మాటలు గట్టిగా చెప్పాడు, ప్రార్థనా మందిరంలో వాన మోత మీద చెప్పినంత గట్టిగా. కానీ ఇక్కడ వాన లేదు.

ఎవరూ స్తోత్రం అనలేదు. ఒకాయన బీడీ పారేశాడు.

"ఎందుకిప్పుడు గది?" అన్నాడు రామచంద్రయ్య. "అయిపోయిన ముచ్చట. ఎవరికి యాదుంది?"

"మీకు యాదుంది తాత," అన్నాడు జావేద్ ఆటోలోంచి దిగి. "యేండ్లు లెక్క వెట్టుకునేది మా అబ్బ పేరు మీదనే గద."

రామచంద్రయ్య అతన్ని అప్పుడు చూశాడు. పోలిక గుర్తు పట్టినట్టున్నాడు. చూపు తిప్పుకుని లింగస్వామిని అడిగాడు. "అంటె, నేను తప్పు తీర్పు చెప్పిన్నంటవ్. గంతే గద?"

"నా అబద్ధం మీద చెప్పిండ్రు పటేలా. తప్పు నాది."

"తీర్పు నాది గద."

ముసలాయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ఎదురుగానే ఇల్లు. మెల్లగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. మేము నిలబడ్డాం. పది నిమిషాలకు కోడలు నర్మద గుమ్మంలోకి వచ్చి, "మామ పండుకున్నడు. మిమ్ముల పొమ్మన్నడు," అంది. కాస్త ఆగి, ఏమైంది అని కళ్ళతోనే జావేద్‌ను అడిగింది. అతను ఆటో వైపు తిరిగాడు.

ఎల్లేశ్ ఫోను జేబులో పెట్టాడు. నవ్వు పోయింది. "మా నాయిన ఆ యేడు ఎడ్లు అమ్మిండు," అన్నాడు. "ఎండిన వరి కోసి అవే ఎడ్లకు ఏసి, తెల్లారి అమ్మిండు. సచ్చేదాంక అబ్బాస్‌ను తిట్టిండు. నీ ఇంటికొచ్చి నీతోని కూసొని తిట్టిండు గద లింగన్న?"

"అవ్. వచ్చిండు."

"నువ్వేం జేసినవ్?"

"నేనూ తిట్టిన."

ఎల్లేశ్ వంగి లింగస్వామి లాల్చీని మెడ దగ్గర పట్టుకున్నాడు. లింగస్వామి కదల్లేదు. కొట్టినా బాగుండు అన్నట్టు నిలబడ్డాడు. ఎల్లేశ్ పట్టు వదిలేసి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "పో. నిన్ను కొడ్తె నాకేమొస్తది," అన్నాడు. జావేద్ వైపు ఒకసారి చూసి అరుగు దిగి వెళ్ళిపోయాడు.

ఇంతే జరిగింది. ఇరవై నిమిషాలు కూడా కాలేదు. పెద్ద పెద్ద పశ్చాత్తాపాల గురించి చదివినప్పుడు ఆకాశం తెరుచుకున్నట్టు రాస్తారు. ఇక్కడ ఒక మేక వచ్చి ఖాళీ అయిన కుర్చీ కింద కూర్చుంది.

*

తిరిగి వచ్చేసరికి అబ్బాస్ అదే మంచం మీద ఉన్నాడు. జావేద్ ఎదురుగా కూర్చుని అన్నీ చెప్పాడు. అబ్బాస్ మధ్య మధ్యలో ఆపి అడిగాడు. అరుగు మీద ఎందరున్నారు? ఎవరెవరు? లింగస్వామి నిలబడి చెప్పాడా, కూర్చునా? గట్టిగానా? రామచంద్రయ్య ఏమన్నాడు?

"ఏమనలె. లోపలికి పొయ్యి పండుకున్నడు."

"పండుకున్నడా?" అబ్బాస్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. "ఆ ఊర్ల అందరికి నిద్రనే." తరవాత, "ఎల్లేశ్ వాళ్ళ నాయిన ఎడ్లు అమ్మిండా? నాకు తెల్వదు. మంచి ఎడ్లు అవి," అన్నాడు.

లింగస్వామి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "భాయ్, నువ్వు చెప్పినట్టు చేసిన," అన్నాడు.

"చేసినవ్."

"మరి?"

"మాఫ్ చేసిన అని నోటితోని అను, అంటవ్. అంటె ఐతారం నాడు నువ్వు నిలబడి అది గుడ చెప్తవ్. అబ్బాస్ భాయ్ నన్ను మాఫ్ చేసిండు, హల్లెలూయ. చప్పట్లు. నా మాఫీ గుడ నీ సాక్ష్యంలకే పోతది. అనను పో."

"చెప్పను భాయ్. ఇగ చెప్పను. ఎన్నడు చెప్పను."

"అయినా అనను. నాకు లోపల రాలేదు. రానిది అంటె అబద్ధమైతది. నీకు అబద్ధం కావాల్నా?"

లింగస్వామి తల అడ్డంగా ఊపాడు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఇంతకు ముందు ఆయన ఏడవడం చూశాను కానీ ఇప్పుడు ఏడవలేదు. నీళ్ళు లేకపోతే నీరటి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

మున్నీ బీ లోపలికి వెళ్ళి వచ్చింది. భర్త కాలి కింద దిండు సర్దింది. "రేపు సోమారం," అంది, లింగస్వామితోనా, గోడతోనా తెలియకుండా. "కట్టు మార్చాలె. వారానికి రెండుసార్లు, సోమారం, బేస్తారం, దవాఖానకు పోవాలె. వీడు పోతె ఆటో ఆగుతది. నేను పోతె లైన్ల నిలబడలేను, మోకాళ్ళు. పొయిన బేస్తారం పోనే లేదు మేము."

లింగస్వామి గోడ పట్టుకుని లేచాడు.

"ఎన్నింటికి?" అన్నాడు లింగస్వామి.

అబ్బాస్ అతన్ని కింది నుంచి పైకి చూశాడు. "ఎనిమిదింటికి చీటీ ఇస్తరు. మూడు గంటలు నిలబడాలె. పండుకోవు గద?"

"పండుకోను."

"బువ్వ తెచ్చుకో. మా ఇంట్ల పెట్టం."

పాస్టరు వినోద్ కుమార్‌కు ఆ సాయంత్రం సంగతి తెలిసింది. ఆయన చాలాసేపు ఆలోచించి, నీ వంతు నువ్వు చేసినవ్ అన్నా, వచ్చే నెల బల్ల తీసుకో, అన్నాడు. లింగస్వామి ఒప్పుకోలేదు. తొందర లేదన్నాడు. నర్సింహమ్మ మాత్రం టిఫిన్ డబ్బా కడిగి బోర్లించింది.

నేను ఆ రాత్రి బస్‌స్టాండు పక్కన లాడ్జిలో ఉండి, పొద్దున్నే దవాఖానకు వెళ్ళాను. నాకు అక్కడ పనేమీ లేదు. ఎక్కడికైనా వెళ్ళడానికి పని ఉండాలన్న పట్టింపు నాకు ఎప్పుడో పోయింది. లింగస్వామి వరసలో పదకొండో మనిషి. అబ్బాస్ గోడవార బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. వరస చాలా మెల్లగా కదిలింది. ఎవరో చంటిపిల్లతో ముందుకు దూరితే లింగస్వామి ఒక చోటు వెనక్కి పోయాడు. అబ్బాస్ అది చూసి, "జరుగు, జరుగు, నువ్వు జరగకుంటె వాళ్ళే వస్తరు," అని కసిరాడు.

పదిన్నరకు కిటికీ దగ్గరికి చేరాడు. లోపల కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది.

"పేషెంటు పేరు?"

"అబ్బాస్."

"వయసు?"

"డెబ్బై... డెబ్బై ఒకటి."

"నువ్వు ఏమైతవ్?"

లింగస్వామి నోరు తెరిచాడు. అమ్మాయి కలం పట్టుకుని తల ఎత్తింది. "నిన్నే. పేషెంటుకు నువ్వు ఏమైతవ్? తోడు వచ్చినోళ్ళది రాయాలె." వెనక ఉన్నవాళ్ళు తొందరపెట్టారు. ఆయన వేళ్ళు కిటికీ చెక్కను పట్టుకున్నాయి. ఒకసారి బెంచీ వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాడు.

బెంచీ మీది నుంచి అబ్బాస్ విసుగ్గా గొంతెత్తాడు.

"మా ఊరాయిన. రాస్కో బిడ్డా, జల్ది రాస్కో, కాలు గుంజుతున్నది."

అమ్మాయి రాసుకుని చీటీ చింపి ఇచ్చింది. లింగస్వామి దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.